గ్రంథం ఎవరి చేతిలో ఉండాలి? పండిత రమాబాయి బతుకంతా అడిగిన ప్రశ్న

కులవ్యవస్థ కాపలా కాసే గుమ్మాల గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాం. ఊరి బావి, గుడి వాకిలి, పొలం గట్టు, చివరికి శ్మశానం. వీటన్నిటికీ ముందున్న మరో గుమ్మం గ్రంథం. ఏది ధర్మమో ఏది అధర్మమో రాసిపెట్టిన పుస్తకాన్ని ఎవరు చదవాలి, ఎవరు వ్యాఖ్యానించాలి, ఎవరు ఇతరులకు బోధించాలి అన్న ప్రశ్న దగ్గరే తక్కిన నిషేధాలన్నీ మొదలవుతాయి. స్త్రీకీ శూద్రుడికీ వేదాధికారం లేదన్న ఒక్క మాటతో జనాభాలో అత్యధిక భాగాన్ని ఆ గుమ్మం బయట నిలబెట్టిన చరిత్ర మనది. ఆ గుమ్మాన్ని లోపలి నుంచి చూసి, బయటికి నడిచి, మరో మతంలో అలాంటి గుమ్మమే ఎదురైతే అక్కడా వాదానికి నిలబడి, చివరికి కరువు పాలైన ఆడపిల్లల చేతికి మతగ్రంథాన్ని అందించిన మనిషి పండిత రమాబాయి. 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూశారు. వందేళ్లు దాటినా ఆమె అడిగిన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

మన పాఠాల్లో రమాబాయి సాధారణంగా వితంతువులకు ఆశ్రయం కల్పించిన సంస్కర్తగా కనిపిస్తారు. ఆ గుర్తింపు నిజమే గానీ అసంపూర్ణం. ఆమెను మతవిద్య చరిత్రలో నిలబెట్టి చూడాలని నేను భావిస్తున్నాను. మతాన్ని పురుషుడు బోధిస్తే స్త్రీ వినాలి, అగ్రవర్ణుడు వ్యాఖ్యానిస్తే శూద్రుడు పాటించాలి అన్న ఏర్పాటును ఆమె జీవితమంతా ప్రశ్నించారు. ఆమె గెలుపు ఎంత, పరిమితి ఎంత అన్నది తేల్చుకోవాలంటే ఆ జీవితాన్ని మొదటి నుంచి చూడాలి.

రమాబాయి 1858లో పడమటి కనుమల్లోని గంగామూల అడవి ప్రాంతంలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. పుణేలో పీష్వా ఇంటి స్త్రీకి తన గురువు సంస్కృతం చెబుతున్నాడని తెలిసిన నాటి నుంచి, తన భార్యకూ చదువు చెప్పాలన్న పట్టుదల ఆయనలో నాటుకుంది. మొదటి భార్య విషయంలో ఇంటివాళ్ల వ్యతిరేకత వల్ల అది నెరవేరలేదు. రెండో భార్య లక్ష్మీబాయికి ఆయన సంస్కృతం నేర్పారు. ఆ నేరానికి మఠాధిపతులు, పండితులు ఆయనను ఉడుపికి పిలిపించి సంజాయిషీ అడిగారు. స్త్రీలకు సంస్కృత సాహిత్యం బోధించడానికి శాస్త్రంలో అభ్యంతరం లేదని ఆయన ధర్మశాస్త్రాల నుంచే ప్రమాణాలు ఏరి చూపించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ తండ్రి తెరిచిన తలుపు సగమే. ఇతిహాస పురాణాలు, కావ్యాలు, వ్యాకరణం స్త్రీకి తగినవేనని ఆయన నిరూపించారు. వేదం మాత్రం భార్యకూ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. శూద్రుల చదువు సంగతి ఆ వాదంలో ప్రస్తావనకే రాలేదు. శాస్త్రానికి లోబడి చేసే సంస్కరణ ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. అయినా ఆ సగం తలుపు నుంచే రమాబాయి లోపలికి వచ్చారు. తల్లే ఆమెకు గురువు. భాగవత శ్లోకాలు వేల సంఖ్యలో ఆమెకు కంఠతా వచ్చాయి. కుటుంబం ఊరూరా తిరుగుతూ పురాణ కాలక్షేపం చేసి, వచ్చిన సంభావనతో బతికేది.

ఆ సంచారం మన తిరుపతి కొండల దాకా వచ్చింది. 1870ల కరువు కాలంలో మద్రాసు రాష్ట్రంలో తిరుగుతూ ఆ కుటుంబం సర్వస్వం పోగొట్టుకుంది. మిగిలిన డబ్బును, నగలను బ్రాహ్మణ సంతర్పణలకు, వ్రతాలకు, దేవుళ్ల మొక్కులకు ఖర్చు చేశారు. చివరికి తిరుమల అడవుల్లో ఆకులూ నీళ్లూ తప్ప మరేమీ లేని రోజులు గడిపారు. చూపు పోయిన ముసలి తండ్రి తీర్థంలో ప్రాణం విడుద్దామనుకునే దాకా వెళ్లారు. అక్కడి నుంచి బయటపడినా కొద్ది వారాల తేడాతో తండ్రి, తల్లి ఇద్దరూ పోయారు. అక్క కూడా ఎంతోకాలం బతకలేదు. పదహారేళ్ల రమాబాయి, అన్న శ్రీనివాస్ మిగిలారు.

ఈ ఘట్టాన్ని రమాబాయి తర్వాత ఒక విశ్లేషకురాలి కంటితో చూశారు. తమ కుటుంబం ఆకలితో చావడానికి కరువుతో పాటు కులగర్వం కూడా కారణమని ఆమె నిర్ధారించారు. చేతిపని చేయడం తమ స్థాయికి తక్కువ, పాండిత్యం ఉన్నవాళ్లు కూలికి పోవడం అవమానం అనే భావన తల్లిదండ్రులను పస్తులుంచింది. కులం కింద ఉన్నవాళ్ల కడుపు ఎలా కొడుతుందో మనకు తెలుసు. పైన ఉన్నవాడిని కూడా అది ఎలా నిస్సహాయుణ్ణి చేస్తుందో స్వానుభవంతో గ్రహించిన వాళ్లు అరుదు. దశాబ్దాల తర్వాత ఆమె నడిపిన సంస్థలో ప్రతి అమ్మాయీ ఏదో ఒక చేతిపని నేర్చుకోవడం వెనుక ఈ అనుభవం ఉందనే నా అభిప్రాయం.

అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల యువతి సంస్కృతంలో ఆశువుగా మాట్లాడటం చూసి అక్కడి పండితులు నివ్వెరపోయారు. ఆమెకు పండిత, సరస్వతి అన్న బిరుదులు ఇచ్చారు. స్త్రీకి అంతటి గౌరవం దక్కడం అప్పటికి ఊహకందనిది. అయితే బిరుదు ఇచ్చినవాళ్లు ఆమె నుంచి ఒకటి ఆశించారు. అంతఃపుర స్త్రీలకు ధర్మశాస్త్రాలు చెప్పి, స్త్రీధర్మం బోధించమన్నారు. ఆ పని కోసం ఆమె మనుస్మృతిని, ఇతర ధర్మశాస్త్రాలను మొదటిసారిగా శ్రద్ధగా చదివారు. సరిగ్గా అక్కడే పండితుల లెక్క తప్పింది.

ఆ పఠనం గురించి ఆమె తర్వాత రాసుకున్నదాని సారాంశం ఇది. శాస్త్రాలు, పురాణాలు, స్మృతులు ప్రతి విషయంలోనూ ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. రెండు విషయాల్లో మాత్రం అన్నీ ఏకాభిప్రాయంతో ఉన్నాయి. ఒకటి, స్త్రీ స్వభావరీత్యా చెడ్డది. రెండు, ఆమెకు భర్త సేవ తప్ప మోక్షమార్గం లేదు. అలాగే శూద్రుడికీ వేదం వినే అర్హత లేదు, పై వర్ణాల సేవ తప్ప గతి లేదు. వేదం వింటే ఆ శూద్రుడికి ఎలాంటి శిక్షలు రాసి ఉన్నాయో ఆమె గమనించారు. స్త్రీగా తన స్థితీ, శూద్రుడి స్థితీ ఒకే తాడుతో కట్టి ఉన్నాయన్న సత్యం పందొమ్మిదో శతాబ్దంలో ఒక బ్రాహ్మణ స్త్రీకి మూలగ్రంథాల నుంచే తెలిసింది. కులాన్నీ పితృస్వామ్యాన్నీ వేర్వేరుగా చూడకూడదని నేడు మనం చేసే వాదనకు ఇది తొలి ఆధారాల్లో ఒకటి. వేదాలు, ఉపనిషత్తులు చదవమని ఆమెను ప్రోత్సహించినవారు బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్. వాటినీ చదివారు. ఆ తర్వాత ఆమెకు పాత విశ్వాసం నిలవలేదు.

1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది ఆమె బిపిన్ బిహారీ మేధావిని పెళ్లాడారు. ఆయన బెంగాలీ కాయస్థుడు, బ్రాహ్మణుల లెక్కలో శూద్రుడు. ఇద్దరికీ మతాచారాల మీద నమ్మకం లేకపోవడంతో 1872 నాటి చట్టం కింద రిజిస్టరు వివాహం చేసుకున్నారు. ఈ పెళ్లితో బ్రాహ్మణ సమాజం ఆమెను వెలివేసింది. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరాతో భర్త పోయాడు. ఇరవై నాలుగేళ్లు నిండకముందే ఆమె పసిబిడ్డతో వితంతువయ్యారు.

సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. అంతకు రెండు నెలల ముందు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. దేశమంతటా సంస్కర్తలు వితంతువుకు మళ్లీ పెళ్లి చేయడాన్నే పరిష్కారంగా చూస్తున్న కాలమది. రమాబాయి మరో దారి పట్టారు. పెళ్లి కావాలో వద్దో తర్వాత సంగతి, ముందు ఆమె చదువుకోవాలి, తన తిండి తాను సంపాదించుకోవాలి అన్నది ఆమె నిశ్చయం. పుణే చేరి ఆర్య మహిళా సమాజం స్థాపించారు. మరాఠీలో స్త్రీధర్మనీతి అనే పుస్తకం రాశారు. అదే ఏడాది హంటర్ విద్యా కమిషన్ ముందు హాజరై స్త్రీ ఉపాధ్యాయులు, స్త్రీ వైద్యులు కావాలని వాదించారు. అదే కమిషన్‌కు, అదే పుణే నుంచి జోతిరావు ఫూలే శూద్రాతిశూద్రుల ప్రాథమిక విద్య కోసం తన విజ్ఞాపన సమర్పించారు. చదువు నుంచి వెలి అయిన రెండు సమూహాల గొంతులు ఒకే ఏడాది ఒకే ప్రభుత్వ కమిషన్‌కు వినిపించాయి.

1883లో వైద్యవిద్య కోసం ఆమె ఇంగ్లండు వెళ్లారు. వినికిడి లోపం వల్ల ఆ ఆశ నెరవేరలేదు. వాంటేజ్‌లోని ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో ఉంటూ ఆ ఏడాది సెప్టెంబరులో క్రైస్తవం స్వీకరించారు. ఈ వార్త మహారాష్ట్ర అగ్రవర్ణ సమాజాన్ని కుదిపేసింది. నిన్నటి సరస్వతి ఇవాళ ద్రోహి అయింది. ఆ సమయంలో ఆమె పక్షాన బాహాటంగా నిలిచిన వ్యక్తి ఫూలే. 1885లో వెలువరించిన సత్సార్ అనే పత్రికలో ఆయన రమాబాయి నిర్ణయాన్ని సమర్థించారు. శాస్త్రాలను స్వయంగా చదివిన స్త్రీ వాటిని వదిలేస్తే తప్పు ఆమెదా, శాస్త్రాలదా అన్నది ఆయన వాదనలోని సారం. బ్రాహ్మణేతర ఉద్యమం తొలినాళ్లలో ఒక మాలి కులస్థుడు ఒక బ్రాహ్మణ స్త్రీ మతస్వేచ్ఛ కోసం కలం పట్టిన ఈ సన్నివేశానికి మన చరిత్ర రచనలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

క్రైస్తవంలోకి వెళ్లగానే ఆమె తగవు ముగిసిందనుకుంటే పొరపాటు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఆమె చదువుకుంటూ సంస్కృతం బోధించారు. భారతదేశానికి వెళ్లబోయే ఇంగ్లీషు యువకులకు కూడా ఆమె పాఠం చెప్పవచ్చన్న ఆలోచన వచ్చినప్పుడు లాహోరు, బొంబాయి బిషప్పులు అడ్డుపడ్డారు. స్త్రీ పురుషులకు బోధిస్తే స్వదేశంలో ఆమె పలుకుబడి పోతుందన్నారు. కలకత్తాలో పండితుల సభలో మాట్లాడి వచ్చిన మనిషికి ఈ అభ్యంతరం వింతగా తోచింది. అన్యమతస్థులని క్రైస్తవులు పిలిచే పండితులు ఆమెను వేదిక ఎక్కించారు. చర్చి అధికారులు ఆమెను దించాలని చూశారు.

అంతకంటే లోతైన తగవు సిద్ధాంతం మీద జరిగింది. తనకు జ్ఞానస్నాన మాతగా ఉన్న సిస్టర్ జెరాల్డీన్‌తో ఆమె ఏళ్ల తరబడి ఉత్తరాల్లో వాదించారు. త్రిత్వ సిద్ధాంతాన్ని చర్చి చెప్పింది కాబట్టి ఒప్పుకోవాలంటే ఆమె ఒప్పుకోలేదు. బైబిలును తానే చదివి, తన అంతరాత్మకు తోచినదే నమ్ముతానన్నారు. ఒక పురోహిత వర్గం నుంచి ఎంతో కష్టంతో విడిపించుకున్న తన మనస్సాక్షిని మరో పురోహిత వర్గానికి అప్పగించే ఉద్దేశం లేదని స్పష్టం చేశారు. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, తనకు తెలిసిన సంస్కృతం ఎందుకు కాకూడదు అని ప్రశ్నించారు. మతం మారితే పాలకుల సంస్కృతికి లొంగిపోవాలన్న నియమాన్ని ఆమె తిరస్కరించారు. చర్చి పెద్దలు దీన్ని అహంకారమన్నారు. మతశాస్త్రాన్ని తానే చదివి తానే తేల్చుకుంటానన్న స్త్రీకి ఏ మతంలోనైనా మొదట దక్కే పేరు అదే.

ఆ ఉత్తరాల్లోనే మరో నిజాయితీ ఉంది. మాంసాహారం ముట్టని ఆమె పద్ధతిని కులాభిమానంగా సన్యాసినులు ఎత్తిచూపారు. తనలో కులసంస్కారాలు పూర్తిగా పోలేదని ఆమె ఒప్పుకున్నారు. మతం మారినంత మాత్రాన కులం పోదన్న మాట నేడు దళిత క్రైస్తవులు చర్చిల్లోని అనుభవంతో చెబుతున్నారు. ఆ మాట నాడే తన గురించి తాను చెప్పుకున్న అగ్రవర్ణ క్రైస్తవురాలు రమాబాయి.

1886లో ఆమె అమెరికా వెళ్లారు. బంధువు ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా అందుకునే సభకు హాజరై, రెండేళ్లకు పైగా అక్కడే ఉండి దేశమంతా తిరిగారు. 1887లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఆమెకు పేరు తెచ్చింది. అగ్రవర్ణ హిందూ స్త్రీ దుస్థితి దాని వస్తువు. శీర్షికలోనే ఆ కాలపు ఆమె పరిధి కనిపిస్తుంది. ఆమె కళ్లెదుట ఉన్నది బ్రాహ్మణ బాలవితంతువు. పొలంలో కూలి చేసే మాంగ్, మహర్ స్త్రీ ఆ పుస్తకంలో కేంద్రం కాదు. అయితే 1889లో మరాఠీలో వెలువడిన అమెరికా ప్రయాణ గ్రంథంలో అక్కడి నల్లజాతివారి, ఆదివాసుల మీద సాగిన దౌర్జన్యాన్ని ఆమె దాచలేదు. 1873లోనే ఫూలే తన గులాంగిరీని బానిసత్వ నిర్మూలనకు పాటుపడ్డ అమెరికన్లకు అంకితమిచ్చారు. ఆ దేశాన్ని కంటితో చూసి వచ్చిన రమాబాయి, చట్టంలో బానిసత్వం పోయినా మనుషుల్లో వివక్ష మిగిలి ఉందని మరాఠీ పాఠకులకు తెలియజేశారు.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ మొదలైంది. తొలి రోజు ఉన్నది ఇద్దరే విద్యార్థినులు. వారిలో గోదూబాయి అనే బాలవితంతువు తర్వాత ధోండో కేశవ్ కర్వేను పెళ్లాడి ఆనందీబాయి కర్వే అయ్యారు. 1916లో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన కర్వే ఇంటి వరకూ సాగిన పాయ ఈ సదన్‌లోనిదే. అమెరికాలో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్ డబ్బు పంపేది. మతబోధన చేయకూడదన్నది షరతు. వంట, భోజనం దగ్గర బ్రాహ్మణ ఆచారాలు పాటించుకునే వీలు కల్పించారు. కులాన్ని కదిలించకుండా వితంతువును మాత్రం కదిలించే ప్రయోగమది. తండ్రి తెరిచిన సగం తలుపు లాంటిదే.

ఆ రాజీ ఆమెను కాపాడలేదు. తెల్లవారుజామున రమాబాయి చేసే ప్రార్థనలో కొందరు అమ్మాయిలు ఇష్టపూర్వకంగా కూర్చోవడం వివాదమైంది. తిలక్ కేసరి పత్రిక దాడికి దిగింది. 1893లో సలహా సంఘంలోని రానడే, భండార్కర్ తప్పుకున్నారు. తల్లిదండ్రులు, సంరక్షకులు చాలామంది అమ్మాయిలను తీసుకుపోయారు. వితంతువు ఆకలితో ఉంటే పట్టని సమాజానికి ఆమె ప్రార్థించడం మహాపరాధమైంది. గడప దాటి చదువుకోవచ్చు గానీ గడప దాటి ఆలోచించకూడదన్నది ఆనాటి ఉదార సంస్కరణవాదం గీసిన గీత.

రమాబాయి బతుకులో అసలైన మలుపు 1896 కరువుతో వచ్చింది. మధ్య పరగణాల్లో జనం పిట్టల్లా రాలుతున్నారని విని ఆమె స్వయంగా వెళ్లారు. తిరుపతి అడవిలో తాను పడిన ఆకలి ఆమెకు గుర్తుంది. దిక్కులేని స్త్రీలను, పిల్లలను వందల సంఖ్యలో వెంట తెచ్చుకున్నారు. ఈసారి కులం అడిగే ప్రసక్తి లేదు. పుణేకు సమీపాన కేడ్గాఁవ్‌లో కొన్న పొలంలో గుడిసెలు లేచాయి. అదే ముక్తి సదన్. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత అక్కడి జనసంఖ్య సుమారు రెండు వేలకు చేరింది. మోసపోయిన స్త్రీల కోసం కృపాసదన్, అంధుల కోసం బడి, నేత, పాడి, నూనె గానుగ, తోటపని, అచ్చు యంత్రం వచ్చాయి. అగ్రవర్ణ వితంతువుల ఇల్లుగా మొదలైన ప్రయత్నాన్ని కరువు అన్ని కులాల స్త్రీల ఊరుగా మార్చింది. శాస్త్రంతో వాదించి తండ్రి సాధించలేనిది, సంస్కర్తల మద్దతుతో తాను సాధించలేనిది, ఆకలిగొన్నవాళ్ల పక్కన నిలబడినప్పుడు ఆమెకు సాధ్యమైంది.

మతవిద్యలో ఆమె అసలు కృషి ఇక్కడే జరిగింది. అక్షరం ముక్క రాని కరువు పిల్లలకు చదువుతో పాటు బైబిలు బోధన మొదలైంది. అమెరికన్ మిషనరీ మిన్నీ ఏబ్రమ్స్ తోడ్పాటుతో స్త్రీల బైబిలు పాఠశాల నడిచింది. అక్కడ తర్ఫీదు పొందినవారు జట్లుగా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి బోధించేవారు. పురుష మతగురువులు లేకుండా స్త్రీలే చదివి, స్త్రీలే వ్యాఖ్యానించి, స్త్రీలే ప్రార్థన నడిపిన సమూహం అది. ఆ కాలంలో దీక్ష పొందిన గురువులను తయారు చేసే సెమినరీలు పురుషులవి. ముక్తిలోని ఆ బడికి పట్టాలు లేవు. కానీ గ్రంథం మీద మాట్లాడే అధికారం పుట్టుకతోనో లింగంతోనో రాదని అది ఆచరణలో చూపింది.

ఇక బైబిలు అనువాదం. మరాఠీలో అప్పటికే బైబిలు ఉంది. దాని భాష సంస్కృత పదాలతో నిండి పల్లె స్త్రీకి అందదని, హిందూ తత్త్వశాస్త్ర పదాలు అర్థాన్ని దారి మళ్లిస్తున్నాయని ఆమె భావించారు. నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని మూలాల నుంచే అనువదించడం మొదలుపెట్టారు. అక్షరాలు కూర్చింది, అచ్చు వేసింది, పుటలు కుట్టింది ముక్తి స్త్రీలే. స్త్రీలు బైబిలు అనువదించడం ప్రపంచంలోనే అరుదు. అమెరికాలో జూలియా స్మిత్ 1876లో తన అనువాదం ప్రచురించారు. ఆ కోవలో రమాబాయి తొలి వరుసలో నిలుస్తారు.

ఈ అనువాదాన్ని కేవలం భక్తి కార్యంగా చూస్తే దాని సామాజిక అర్థం జారిపోతుంది. సంస్కృతంలో ఆశుకవిత్వం చెప్పి సరస్వతి బిరుదు పొందిన మనిషి తన జీవితపు చివరి పదిహేనేళ్లు సంస్కృతం తగ్గిన మరాఠీ కోసం వెచ్చించారు. దాదాపు అదే కాలంలో ఇక్కడ గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పండితులతో పోరాడుతున్నారు. రెండు పోరాటాల వస్తువు వేరైనా మూలం ఒకటే. గ్రంథం మీద గుత్తాధిపత్యం పోవాలంటే గ్రంథపు భాష మారాలి. రమాబాయి అనువాదం మూలానికి మరీ కట్టుబడటంతో కొన్నిచోట్ల మరాఠీ నడక తప్పిందని, చర్చిల్లో అది విస్తృతంగా వాడుకలోకి రాలేదని ఒప్పుకోవాలి. 1921లో కూతురు మనోరమ చనిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, అనువాదం ముగించిన కొద్దికాలానికే రమాబాయి పోయారు. సంపూర్ణ బైబిలు 1924లో వెలువడింది.

ఆమె మీద విమర్శ లేకుండా ఈ వ్యాసం ముగించడం సరికాదు. జాతీయవాద చరిత్ర ఆమెను మతం మార్చుకున్నందుకు పక్కనపెట్టిందని ఉమా చక్రవర్తి 1998లో వచ్చిన తన గ్రంథంలో వివరంగా చూపారు. ఆ అన్యాయం నిజం. అదే సమయంలో ఫూలే ఆమె వైపు చాచిన చేయిని అందుకుని సత్యశోధక ఉద్యమంతో ఆమె కలిసి నడవలేదన్నదీ నిజమే. ముక్తిలో కులం అడగలేదు గానీ కులాన్ని కూల్చే రాజకీయాన్ని ఆమె నిర్మించలేదు. విముక్తికి ఆమె వెతికిన దారి విశ్వాసం, చదువు, శ్రమ వరకే సాగింది. విదేశీ విరాళాల మీద ఆధారపడిన సంస్థ పరిమితులు కూడా దానికున్నాయి.

తెలుగు నేల అనుభవంతో పోల్చినప్పుడు ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. రమాబాయి కలకత్తాలో బిరుదులు అందుకున్న 1878లోనే, మహా కరువు అనంతరం ఒంగోలు ప్రాంతంలో వేలాది మాదిగలు బాప్టిజం తీసుకున్నారు. ఆమె పండితురాలిగా ఏళ్ల తరబడి గ్రంథాలు చదివి ఒంటరిగా మతం మారారు. వారు అక్షరం రాకముందే, గౌరవం కోసం, ఊరుమ్మడిగా కదిలారు. ఆమె పేరు చరిత్రకెక్కింది. పల్లెల్లో తిరిగి బోధించిన దళిత బైబిలు స్త్రీల పేర్లు ఎక్కువగా ఎక్కలేదు. మతవిద్యలో స్త్రీల చరిత్ర రాయాలంటే ఈ రెండు పాయలనూ కలిపి రాయాలి. ఒక్కదాన్నే రాస్తే చరిత్ర రచనలోనూ కులం తన వాటా తీసుకున్నట్టే.

2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. పురుషులకు పాఠం చెప్పకూడదని రమాబాయిని బిషప్పులు అడ్డుకున్న నాటి నుంచి ఒక తెలుగు స్త్రీ బిషప్ పీఠం మీద కూర్చోవడానికి సుమారు 130 ఏళ్లు పట్టింది. ఇది చిన్న విజయం కాదు. అయినా గర్భగుడిలోకి ఎవరు వెళ్లాలి, ప్రసంగ వేదిక ఎవరిది, మసీదులో స్త్రీకి చోటెక్కడ, మతవిద్య నేర్పే సంస్థల్లో గురుపీఠం ఏ కులానిది అన్న ప్రశ్నలు ప్రతి మతంలోనూ బతికే ఉన్నాయి.

ఈ పుట చదివే విద్యార్థులకు నేను చెప్పదలచినది ఒకటే. మతగ్రంథాన్ని పూజించడం, తగలబెట్టడం అనే రెండు చర్యల మధ్య మన చర్చ తరచుగా చిక్కుకుంటుంది. రమాబాయి మొదట ఆ గ్రంథాన్ని చదివారు. తన మీద, శూద్రుడి మీద అందులో ఏం రాసి ఉందో తన కళ్లతో చూశారు. ఆ చదువే ఆమెను బయటికి నడిపించింది. తాను నమ్మిన మరో గ్రంథాన్ని కూడా ఎవరి వ్యాఖ్యానానికీ వదిలేయకుండా, మూలభాష నేర్చుకుని మరీ చదివారు. చదివిన దాన్ని తన దగ్గరే దాచుకోలేదు. కరువులో మిగిలిన ఆడపిల్ల వేళ్లతో ఆ అక్షరాలను సీసపు అచ్చులో పేర్పించారు. వేదం వింటే చెవిలో సీసం పోయమన్న దేశంలో, సీసాన్ని అక్షరంగా మార్చి స్త్రీల చేతికిచ్చారు. మనం నమ్మినా నమ్మకపోయినా, మన బతుకును శాసించే ప్రతి గ్రంథాన్నీ చదివే, ప్రశ్నించే, మన భాషలో మళ్లీ రాసుకునే హక్కు మనదే. దాన్ని ఎవరూ దయతో ఇవ్వరు.